నాలుగుసార్లు విప్పిన కార్సెట్

మా ఆడపడుచుని నడుం బిగించి కట్టుకునే కార్సెట్టే పొట్టన పెట్టుకుందని మా వీధి వీధంతా తీర్మానించేసింది. వీధికేం పోయింది, పనిలేని నోళ్లు. మా ఆయనదీ అదే పాట. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా, నడుం పిచ్చితో చేజేతులా ప్రాణం తీసుకుంది నా చెల్లెలు అని చెప్పుకొని ఏడ్చాడు. ఆ మాట చెవినపడ్డ ప్రతిసారీ నేను కత్తెర అందుకొని పక్కకి తిరిగి ఏదో ఒక గుడ్డ కత్తిరించాను. ఆ కార్సెట్టు కుట్టింది నేను. అది ఏం చేసిందో ఏం చేయలేదో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పోయిన మనిషి నెత్తిన ఒక అబద్ధం కూర్చుంటే, దాని చాటున నేను క్షేమంగా ఉన్నాను. ఎన్నాళ్లు ఉండగలనన్నదే నా గొడవ.

ముందు మనిషి గురించి చెప్పాలి. బస్టాండులో మైకు ముందు కూర్చొని బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగం ఆమెది. చుట్టూ అద్దాలున్న చిన్న గది, ఒక కుర్చీ, ఒక బల్ల, బల్ల మీద మైకు. మా కొట్టు బస్టాండుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. కొట్టులో సగం మా ఆయనది, పాడైన గొడుగులు బాగుచేస్తాడు. మిగతా సగం నాది, నా కుట్టుమిషనుది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె గొంతు మా కొట్టులోకి వస్తూనే ఉండేది. "పన్నెండో నంబరు బస్సు మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తోంది, ప్రయాణికులు గమనించగలరు" అని ఒక్క గుక్కలో, ఎక్కడా తొట్రుపడకుండా చెప్పేది. మా మిషను చప్పుడుకీ ఆ గొంతుకీ ఎంత అలవాటు పడిపోయామంటే, ఆమెకి సెలవు రోజైతే మాకు కొట్టులో చెవులు చిల్లులు పడేంత నిశ్శబ్దంగా ఉండేది.

నేను ఆ ఇంటికి కాపురానికి వచ్చేనాటికి ఆమెకి పన్నెండేళ్లు. నా వెనకే తిరిగింది, నా దగ్గరే జడ వేయించుకుంది, నా మీదే అలిగింది. పెళ్లి వద్దంది, చేసుకోలేదు. ఎందుకని అడిగి అడిగి ఊళ్లోవాళ్లకే విసుగొచ్చింది తప్ప ఆమెకి రాలేదు. మా మేడ మీది గదిలో ఉండేది. ఆ గదిలో మంచం కన్నా అద్దం పెద్దది.

ఈ కార్సెట్టు గొడవ నడుం నొప్పితో మొదలైంది. రోజంతా కుర్చీలో కూర్చొని కూర్చొని నొప్పి వస్తే డాక్టరు వెడల్పాటి బెల్టు ఒకటి రాసిచ్చాడు. నొప్పి తగ్గింది, బెల్టు మాత్రం తీయలేదు. అది కట్టుకుంటే ఎవరో వెనక నిలబడి పట్టుకున్నట్టు ఉంటుంది వదినా అనేది. కొన్నాళ్లకి ఫోనులో ఒక బొమ్మ చూపించి, ఇలాంటిది కుట్టిపెట్టు అంది. చూస్తే ఎద కింది నుంచి తుంటి దాకా బిర్రుగా పట్టేసి, వీపున తాళ్లతో బిగించే అంగీ. ఊపిరాడక చస్తావే అని నవ్వాను. నోటికొచ్చింది అనేశాను, ఆ రోజు ఆ మాటకి ఏ బరువూ లేదు.

పంతం పట్టిందంటే వదిలే మనిషి కాదు. ముదురాకుపచ్చ రంగులో మందపాటి గుడ్డ తనే కొనుక్కొచ్చింది. లోపల నిలబెట్టడానికి ఉక్కు పుల్లలు కావాలంటే మా ఆయన పాత గొడుగుల ఊచలు తీసి, కొసలు ఆకురాయితో అరగదీసి ఇచ్చాడు. నా చెల్లెలికి గుచ్చుకోకూడదని ఒక్కొక్క కొసని తన బుగ్గకి రాసుకొని మరీ చూశాడు. నాకు పన్నెండు రోజులు పట్టింది. తెల్ల చొక్కా మీద అది బిగించుకొని, కింద పొడుగు స్కర్టు వేసుకొని మొదటిరోజు మెట్లు దిగుతుంటే, నా చేతిపని చూసుకొని నాకే దిమ్మ తిరిగింది.

వీధి ఊరుకుంటుందా? వారం తిరక్కుండా డమరుకం అని పేరు పెట్టింది. ఆమె విని ఏమాత్రం నొచ్చుకోలేదు. డమరుకమన్నాక మోగాలి కదా, మైకులో మోగుతూనే ఉన్నాగా అంది. ఎవరికోసమే ఈ సోకు అని పక్కింటి పెద్దావిడ నిలదీస్తే, "నాకోసమే పెద్దమ్మా. పొద్దున్నే అద్దంలో చూసుకుంటే నాకు నేనే ముద్దొస్తున్నాను" అని చెప్పింది. పెద్దావిడ మూతి మూడు వంకర్లు తిప్పుకొని వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ జవాబు భలే నచ్చింది.

ఆమె దాన్ని తపస్సులా చేసింది. మొదట గంట, తర్వాత రెండు గంటలు, ఏడాదికి ఉద్యోగం చేసినంతసేపూ. ప్రతి నెలా ఒకటో తారీకున కొట్టుకొచ్చి, తెర వెనక కార్సెట్టు విప్పి నిలబడేది. నేను టేపు పెట్టి నడుం కొలిచి పైకి చదివేదాన్ని, నోటుపుస్తకంలో రాసేదాన్ని. తనంతట తను ఏనాడూ కొలుచుకోలేదు. మన నడుం మనం కొలుచుకుంటే చెయ్యి మొహమాటపడుతుంది వదినా, నువ్వే కొలవాలి అనేది. ముప్ఫైతో మొదలుపెట్టింది. నాలుగేళ్లకి ఇరవై ఏడుకి వచ్చింది. ఇరవై ఆరు చూడాలని ఆమె ఆశ. ఆ అంకె నోటుపుస్తకం చివరి పేజీలో పెద్దగా రాసుకొని చుట్టూ గీత గీసుకుంది.

నిజం చెప్పాలంటే ఆ నడుంతో నాకూ లాభమే జరిగింది. అది ఎవరు కుట్టారమ్మా అని అడిగి మరీ ఆడవాళ్లు నా కొట్టు వెతుక్కుంటూ వచ్చారు. మా ఆడపడుచు నా కొట్టుకి నడిచే బోర్డు అని నేనే గొప్పలు పోయేదాన్ని.

మూడో ఏడాదిలో ఒకసారి కొలత అరంగుళం పెరిగింది. ఉన్నది ఉన్నట్టు చదివాను. విని వెళ్లిపోయింది. మూడు రోజులు పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదని నాకు తర్వాత తెలిసింది. నాలుగో రోజు మైకులో, "ఏడో నంబరు బస్సు" అని ఆగింది, వెంటనే కుర్చీ పడ్డ చప్పుడు బస్టాండంతా వినబడింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు దాటి పరిగెత్తాను. అద్దాల గదిలో నేల మీద పడి ఉంది, మొహం సున్నం కొట్టినట్టుంది. కళ్లు తెరవగానే, ఇప్పుడు కొలిస్తే తగ్గుతుందేమో వదినా అంది. చెంప పగలగొడదామనిపించింది. ఆ రోజే నిశ్చయించుకున్నాను, ఈ పిల్లకి ఇక పెరిగిన కొలత చెప్పేది లేదని.

అది నాకు పెద్ద కష్టం కూడా కాదు. కుట్టుపనిలో ఉన్నవాళ్లం అందరం చేసేదే. ఒళ్లు పెరిగిన మనిషికి పెరిగిందని మొహాన చెప్పం. టేపు మీది అంకెకి ఒక వేలు అడ్డం పెట్టి, పాత అంకే చదువుతాం. కుట్టేటప్పుడు నిజం కొలతకి కుడతాం. ఇచ్చిన బట్ట బిగువైతే లోపలి మడత విప్పి కాస్త వదులు చేసి, ఇస్త్రీ కొట్టి చేతిలో పెడతాం. లోపలి మడతలో అదనంగా గుడ్డ వదిలేది అందుకే. ఆవిడ వేసుకొని, అబ్బ, ఎంత బాగా సరిపోయింది అని మురిసిపోతుంది. మళ్లీ మన దగ్గరికే వస్తుంది. పాతికేళ్లుగా చేస్తున్నాను, అది మోసమని ఒక్కనాడూ అనిపించలేదు. పైగా మంచితనం అనుకున్నాను.

ఐదో ఏడాది మొదట్లో ఒక ఒకటో తారీకున టేపు ఇరవై ఏడున్నర చూపించింది. అంకెకి వేలు అడ్డం పెట్టి ఇరవై ఏడు అని చదివాను. పుస్తకంలోనూ అదే రాశాను. తాళ్ల రింగులు ఊడేలా ఉన్నాయి, సరిచేసి ఇస్తానని చెప్పి కార్సెట్టు ఉంచుకొని, రెండు పక్కలా లోపలి మడత విప్పి పావంగుళం చొప్పున వదిలి కుట్టాను. మర్నాడు బిగించుకొని, హమ్మయ్య, నిన్నటి కన్నా హాయిగా ఉంది అంది. రెండు నెలలకి మళ్లీ పెరిగింది. మళ్లీ విప్పాను. ముప్ఫై నాలుగేళ్లు వచ్చాయి, ఆడవాళ్ల ఒళ్లు కాదా, ఎంతకని అణచిపెడుతుంది అనుకున్నాను. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది వదినా అని కంచం తోసేస్తుంటే, మైకు గదిలో చాటుగా ఏదో తింటోంది, ఇంట్లో నటిస్తోంది అని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

అప్పటికి ఆమె గొంతు మారింది. మా కొట్టులో కూర్చొని రోజూ వింటున్నదాన్ని, నాకు తెలియదా? "పన్నెండో నంబరు బస్సు" అని ఆగేది. ఊపిరి పీల్చుకొని, "మూడో ప్లాట్‌ఫారం మీదికి" అని మళ్లీ ఆగేది. బస్సు వచ్చి నిలబడ్డాక మిగతా మాటలు వచ్చేవి. మా ఆయన గొడుగు పక్కన పెట్టి, ఆ కార్సెట్టు తాళ్లు కాస్త వదులు చేసుకోమని దానికి చెప్పవే అన్నాడు. వదులుగానే ఉన్నాయి, నేను చూస్తున్నాగా అన్నాను. నేను చూస్తున్నానని ఆయన నిశ్చింతగా మళ్లీ పని చేసుకున్నాడు.

ఒక ఒకటో తారీకున తెర వెనక టేపు తీస్తుంటే నా చెయ్యి పట్టుకుంది.

"వదినా, పొట్టంతా బరువుగా ఉంటోంది. నిజం చెప్పు, కొలత పెరగలేదు కదా?"

"పెరగలేదమ్మా. ఇరవై ఏడే. నా మీద నమ్మకం లేదా?"

"నీ మీద లేకపోతే ఇంకెవరి మీద ఉంటుంది" అని చెయ్యి వదిలేసింది.

ఆ రోజు టేపు మీద ఉన్న అంకె ఇరవై తొమ్మిది.

డాక్టరు దగ్గరికి ఒకసారి వెళ్లింది, వెళ్లలేదని కాదు. పొట్ట ఏమైనా పెరిగిందా అని ఆయన అడిగాడట. లేదండీ, మా వదిన నెలనెలా కొలుస్తుంది అని చెప్పి నా నోటుపుస్తకం పేజీ ఫోనులో ఫొటో తీసుకున్నది చూపించిందట. నా చేతిరాతతో వరసగా ఇరవై ఏడు, ఇరవై ఏడు, ఇరవై ఏడు. గ్యాసుకి మాత్రలు రాసిచ్చి, ఆ బిగింపులు కొన్నాళ్లు మానెయ్యమన్నాడు. రెండు వారాలు మానేసింది. పొట్ట ముందుకొచ్చినట్టు కనిపించినా, కట్టు తీసేస్తే వదులవదా మరి అని తనకి తనే చెప్పుకుంది. తర్వాత మళ్లీ కట్టుకుంది. నేను నాలుగోసారి విప్పాను. మడతలో ఇంక గుడ్డ లేదు.

ఒక మధ్యాహ్నం, "పన్నెండో నంబరు" అని ఆగిపోయింది. మిగతాది రాలేదు. ఈసారి కుర్చీ పడ్డ చప్పుడు కూడా లేదు, మైకులో ఆయాసం ఒక్కటే వినబడుతోంది. మా ఆయన నాకన్నా ముందు పరిగెత్తాడు.

పెద్దాసుపత్రిలో స్కానింగు చేశారు. అండాశయంలో గడ్డ, పొట్ట నిండా నీరు, జబ్బు అప్పటికే లోపల నలుమూలలకీ పాకిపోయింది. డాక్టరమ్మ నెమ్మదస్తురాలు, పొట్ట ఎప్పట్నుంచి పెరుగుతోందమ్మా అని అడిగింది. "పెరగలేదండీ" అంది మా ఆడపడుచు, గట్టిగా, నా వైపు చూస్తూ. డాక్టరమ్మ కూడా నా వైపు చూసింది. నేను నోరు తెరవలేదు. బయటికొచ్చాక మా ఆయన, ఇది ఆ కార్సెట్టు వల్లేనా అని డాక్టరమ్మని అడిగాడు. కాదని ఆవిడ స్పష్టంగా చెప్పింది. కార్సెట్టుతో ఈ జబ్బు రాదు, కాకపోతే ఏడెనిమిది నెలల కిందట పొట్ట పెరగడం మొదలైనప్పుడే తీసుకొచ్చి ఉంటే ఆపరేషనుతో బతికే ఆశ చాలా ఉండేది, అప్పుడు ఎవరూ గమనించలేదా అంది. అది బిగించి కట్టేస్తే ఎవరికి తెలుస్తుందండీ అని మా ఆయన తల కొట్టుకున్నాడు. ఆ క్షణాన నాకు తప్పించుకోవడానికి ఒక సందు దొరికింది. దూరిపోయాను.

ఆసుపత్రిలో వారానికోసారి పొట్టలో నీరు తీసేవాళ్లు. తీసిన కొద్దీ మనిషి తరిగిపోయింది. ఒక రోజు నా కార్సెట్టు తెచ్చిపెట్టు వదినా అంది. కట్టుకోవడానికి కాదట, పక్కన ఉంటే చాలట. అంత ప్రాణం దానంటే. తెచ్చిచ్చాను. ఇచ్చేముందు ఒక్కసారి ఆలోచించాల్సింది. మందపాటి గుడ్డలో పాత కుట్టు విప్పితే సూది చిల్లులు పూడవు. ఎన్ని ఇస్త్రీలు చేసినా అలాగే ఉంటాయి.

మర్నాడు నేను వెళ్లేసరికి కార్సెట్టు తిరగేసి ఒళ్లో పెట్టుకొని ఉంది. బొటనవేలి గోరుతో లోపలి మడత మీద గీస్తోంది.

"నాలుగు వరసలున్నాయి వదినా."

మళ్లీ తిండి మానేస్తావని, పడిపోతావని, అందుకని అంటూ ఏదో అన్నాను. నా మాటలు నాకే సరిగా వినబడలేదు.

"నేను అడిగాను కదా" అంది. "నోరు తెరిచి అడిగాను కదా వదినా."

గోడవైపు తిరిగి పడుకుంది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తిడితే బాగుండును, గొంతు పట్టుకుంటే ఇంకా బాగుండును. అన్నం తినిపించబోతే నోరు తెరిచేది, అంతే. నేను ముద్ద పెట్టేటప్పుడు కళ్లు మూసుకునేది.

నాలుగో రోజు నా సంచిలో టేపు ఉందా అని అడిగింది. నా సంచిలో టేపు లేకుండా ఎప్పుడుంది? తీసి చుట్టూ పెట్టాను. ఇరవై మూడు. ఐదేళ్లు తపస్సు చేసినా చూడలేకపోయిన అంకె దాటి మూడంగుళాలు లోపలికి పోయింది. ఇరవై మూడు అని చదివాను. ఆమె నా వేళ్ల నుంచి టేపు తప్పించింది. అది జారకుండా తనే బొటనవేలితో నొక్కిపట్టి, తలగడ మీంచి మెడ ఎత్తి, అంకె తన కళ్లతో చూసుకుంది. ఆ ఐదేళ్లలో తనంతట తను కొలత చూసుకోవడం అదొక్కసారే.

"ఈసారి నిజమే చెప్పావు" అంది. కాసేపటికి, "అన్నయ్యకి నేను చెప్పను. నువ్వే చెప్పు" అంది.

చెప్తానన్నాను. ఆ వారం దాటకుండానే వెళ్లిపోయింది. నేను చెప్పలేదు.

రోజుకొక సాకు దొరికింది. ఇవాళ ఏడుస్తున్నాడు, ఇవాళ ఎవరో వచ్చారు, ఇవాళ కాస్త అన్నం తిన్నాడు, ఎందుకు చెడగొట్టడం. ఈలోపు పిచ్చిది, సోకులాడి, నడుం కోసం చచ్చింది అని ఆమె పేరు వీధిలో స్థిరపడిపోయింది. పక్కింటి పెద్దావిడ తన మనవరాలికి బుద్ధి చెప్పడానికి మా ఆడపడుచు చావుని వాడుకుంటుంటే కిటికీలోంచి విన్నాను. ఆవిడ మీద ఒళ్లు మండిపోయింది. వెళ్లి కడిగేద్దామని గుమ్మం దాకా పోయాను. కడగాల్సింది ఎవర్నో గుర్తొచ్చి వెనక్కి వచ్చాను.

నెల దాటాక ఒక ఉదయం బస్టాండులో టికెట్లిచ్చే అమ్మాయి మా కొట్టుకొచ్చింది. మీ ఆడపడుచు వేసుకునేదే, అలాంటిది నాకొకటి కుట్టిపెడతారా ఆంటీ అని అడిగింది. మా ఆయన చేతిలోని గొడుగు కింద పడేసి లేచాడు. ఆ పిచ్చిది చచ్చింది చాలదా, నువ్వూ చస్తావా అని రోడ్డు మీద జనం ఆగి చూసేంతగా అరిచాడు. అమ్మాయి బెదిరిపోయి వెళ్లిపోయింది. ఆయన అంతటితో ఆగలేదు. లోపలికెళ్లి ఆకుపచ్చ కార్సెట్టు పట్టుకొచ్చి, పట్టకారు తీసి, నా ఊచలు నేను పీకేస్తాను, నా చేతులతో దాన్ని చంపాను అంటూ కూర్చున్నాడు.

అప్పుడు ఇంక కత్తిరించడానికి నా చేతిలో గుడ్డ లేదు. ఆయన ముందు కూర్చొని కార్సెట్టు లాక్కున్నాను. తిరగేసి లోపలి మడత ఆయన వేళ్ల కింద పెట్టాను.

"లెక్కపెట్టు" అన్నాను.

ఏమిటని అడిగాడు. మళ్లీ లెక్కపెట్టమన్నాను. గొడుగు ఊచల మీద వెంట్రుకంత గరుకు కూడా పసిగట్టే వేళ్లు ఆయనవి. ఒక వరస తడిమాడు, రెండోది, మూడోది, నాలుగోది. నేను మొదట్నుంచీ చెప్పాను. టేపు మీద అడ్డం పెట్టిన వేలు, పుస్తకంలో అంకె, నా చెయ్యి పట్టుకొని ఆమె అడిగిన మాట, నేనిచ్చిన జవాబు, ఆసుపత్రిలో ఆమె అప్పజెప్పిన పని.

"మొదటిసారి విప్పింది ఎప్పుడు?" అన్నాడు.

చెప్పాను. ఆయన వేళ్లు మడిచి నెలలు లెక్కపెట్టాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిన రోజుకి సరిగ్గా ఎనిమిది వచ్చింది. ఎదురుగా బస్టాండు మైకులో ఎవరో కొత్తావిడ పన్నెండో నంబరు బస్సు గురించి చెబుతోంది. పట్టకారు పెట్టెలో పెట్టేసి, తన సామాను మొత్తం తీసుకొని కొట్టు బయట మెట్టు మీద కూర్చున్నాడు. అప్పట్నుంచి అక్కడే పని చేసుకుంటున్నాడు, వాన వచ్చినా సరే.

కార్సెట్టు నా సొరుగులో ఉంది, తిరగేసినట్టే ఉంచాను. నేను ఇప్పుడు కొలత ఎంతొస్తే అంతే పైకి చదువుతున్నాను. సగంమంది మొహం మాడ్చుకొని వేరే కొట్టు చూసుకున్నారు, పోనీ. టికెట్ల అమ్మాయిని పిలిపించి కొలత తీసుకున్నాను. తీసుకున్నాక టేపు ఆ పిల్ల చేతికే ఇచ్చి నువ్వే చూసుకో అన్నాను.

మొన్న పక్కింటి పెద్దావిడ మెట్టు దగ్గర ఆగి, నడుం పిచ్చితో బంగారంలాంటి పిల్ల పోయింది కదా నాయనా అంది. మా ఆయన తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. పిచ్చి కాదు పెద్దమ్మా, దానికి జబ్బు చేసింది, అది చెబుతూనే ఉంది, మేమే చూసుకోలేదు అన్నాడు. ఎవరు అడిగినా ఇప్పుడు అదే చెబుతున్నాడు. మేమే అంటాడు, నా పేరు ఎత్తడు. లోపల మిషను మీద కూర్చొని నేను వింటూనే ఉంటాను, ఆయన మాత్రం ఇటు తిరగడు.